ఇంట్లో ఆర్కిడ్ బతకాలంటే, మళ్ళీ పూయాలంటే

పూలతో ఉన్న ఆర్కిడ్ కుండీ తెచ్చుకున్నాక రెండు మూడు నెలలు ఏ బెంగా ఉండదు. పూలు రాలాక అసలు కథ మొదలవుతుంది. ఆకులు మెత్తబడి ముడతలు పడతాయి. దాహమేమోనని ఇంకో గ్లాసుడు నీళ్ళు పోస్తాం. నిజానికి అప్పటికే లోపల వేర్లు కుళ్ళిపోయి ఉంటాయి. తాగడానికి వేరు లేకే ఆకు వడలింది. మన ఇళ్ళలో ఆర్కిడ్లు ఎండిపోయి చావడం తక్కువ, నీళ్ళెక్కువై చావడమే ఎక్కువ. అందుకే ఇక్కడ పువ్వు కంటే వేరు గురించే ఎక్కువ చెబుతాను. వేరు నిలబడిన మొక్కని పూయించడం పెద్ద పని కాదు.

ఇళ్ళలో పెంచే ఆర్కిడ్లలో ఎక్కువ భాగం అడవిలో చెట్ల కొమ్మల మీద బతికేవే. మన మామిడి తోటల్లో ముసలి చెట్ల మీద వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ కనిపిస్తుంది. చెట్టు రసం పీల్చేస్తోందని చాలామంది దాన్ని పీకేస్తారు. పాపం, అది బెరడుని పట్టుకుని వేలాడుతుందంతే, మామిడికి ఏ హానీ చెయ్యదు. వాన పడితే దాని వేర్లు తడుస్తాయి, గాలి తగిలితే కొన్ని గంటల్లో ఆరిపోతాయి. వేరు చుట్టూ దూదిలాంటి తెల్లటి పొర ఉంటుంది, వెలమెన్ అంటారు. అది తగిలిన నీటిని చటుక్కున పీల్చేసుకుంటుంది. ఆ పొర రోజుల తరబడి తడిగానే ఉంటే లోపలి వేరుకి గాలాడక కుళ్ళు మొదలవుతుంది. కాబట్టి ఆర్కిడ్ కుండీలో ఎర్రమట్టి వద్దు, కోకోపీట్ వద్దు, వర్మీకంపోస్టు వద్దు. తడవాలి, ఆరాలి, మళ్ళీ తడవాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఏ ఆర్కిడ్ కొనాలి

మీరున్న ఊరిని బట్టి ఎంచుకోండి. వెడల్పాటి ఆకులు, వంగిన పొడుగాటి కాడకి సీతాకోకచిలుకల్లా వరసగా పూలు ఉండేది ఫెలనాప్సిస్. తక్కువ వెలుతురులో కూడా సర్దుకుంటుంది, అపార్ట్‌మెంటు గదికి ఇదే సరైనది. కానీ మళ్ళీ పూయాలంటే కొన్ని వారాలు చల్లదనం కావాలి కాబట్టి హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల సులువు. చెరుకు గడల్లా కణుపులున్న కాండాలతో నిటారుగా పెరిగేది డెండ్రోబియం. వేడినీ ఉక్కనీ బాగా తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ, విజయవాడ, నెల్లూరు వాళ్ళు దీనితో మొదలుపెడితే నిరాశ ఉండదు. కాకపోతే దానికి వెలుతురు దండిగా కావాలి, గది మూలన పూయదు. డెండ్రోబియంలలోనే నోబైల్ అని ఇంకో రకం ఉంది. కాండం పొడుగునా కణుపు కణుపుకీ పూలు పూసి చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. దానికి శీతాకాలంలో బాగా చల్లటి రాత్రులు, పొడి విశ్రాంతి కావాలి, మన కోస్తాలో రెండోసారి పూయదు. సింబీడియం సంగతీ అంతే, అది కొండ ప్రాంతాల మొక్క. సిక్కిం వెళ్ళినప్పుడు చూసి ఆనందించండి, కొని తేవద్దు. మన దేశంలో ఆర్కిడ్ల మీద పరిశోధన చేసే జాతీయ కేంద్రం కూడా అక్కడే, పాక్యోంగ్‌లో ఉంది.

కొనేటప్పుడు పూలని చూసి మురిసిపోకుండా కుండీని ఎత్తి చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీ అయితే వేర్లు కనిపిస్తాయి. పచ్చగానో వెండి రంగులోనో ఉండి, నొక్కితే గట్టిగా తగిలితే ఆరోగ్యం. గోధుమ రంగులో ఉండి నొక్కితే నీరు కారితే ఆ మొక్క వద్దు. ఆకుల అడుగున, ఆకు కాండాన్ని చుట్టిన చోట తెల్లటి పిండినల్లి ఉందేమో చూడండి. కాడకి సగం పూలు, సగం మొగ్గలు ఉన్నది తీసుకుంటే ఎక్కువ కాలం చూసుకోవచ్చు. కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు అయితే మంచిది. మే నెల ఎండలో పెట్టెలో ప్రయాణం చేసిన మొక్కకి మొగ్గలు మిగలవు.

ఎవరైనా అడవిలో చెట్ల మీది నుంచి ఒలిచి తెచ్చి అమ్మితే మాత్రం దయచేసి కొనకండి. అలా తెచ్చినవి ఇంట్లో బతకడం కష్టం, అడవిలో వాటి సంతతీ పోతుంది. ఆర్కిడ్ విత్తనం దుమ్ములాంటిది, లోపల ఆహార నిల్వ ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. అడవిలో ఒక మొక్క పోతే ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంటికి తెచ్చిన రోజు

చాలా కుండీలు అందం కోసం అడుగున రంధ్రం లేని పింగాణీ తొట్టిలో పెట్టి అమ్ముతారు. ముందు అందులోంచి తీసేయండి. వేర్లు కుళ్ళడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. పురుగు ఉంటే తెలిసిపోతుంది కాబట్టి రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా ఉంచండి. పూలున్నంత కాలం కుండీ మార్చకండి. మొగ్గల దశలో ఉంటే కుండీని అటూ ఇటూ తిప్పకండి కూడా. వెలుతురు దిక్కు మారినప్పుడల్లా కాడ మెలికలు తిరుగుతుంది.

వెలుతురు

తూర్పు కిటికీ దొరికితే అదృష్టమే. పొద్దున్నే పడే లేత ఎండ గంటసేపు తగిలినా ఫెలనాప్సిస్‌కి మంచిదే. పడమటి కిటికీ అయితే పల్చటి తెర వెయ్యండి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆకు మీద పడితే ఒక్క రోజులోనే తెల్లటి మచ్చ పడి ఎండిపోతుంది. ఆ మచ్చ ఇక పోదు.

చాలినంత వెలుతురు ఉందో లేదో తెలుసుకోవడానికి ఆకుకి అడుగు ఎత్తున చెయ్యి చాపండి. నీడ అంచులు మసకగా పడితే ఫెలనాప్సిస్‌కి సరిపోతుంది. అంచు స్పష్టంగా పడే చోటు డెండ్రోబియంకి కావాలి. అసలు నీడే పడకపోతే ఏ ఆర్కిడ్‌కీ చాలదు. ఆకు కూడా చెబుతుంది: లేత పచ్చగా ఉంటే బాగున్నట్టు, ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే వెలుతురు తక్కువైనట్టు, పసుపుకో ఎరుపుకో తిరిగితే ఎక్కువైనట్టు. ముదురు పచ్చ ఆకులు చూసి ఆరోగ్యంగా ఉందనుకుంటాం, కానీ ఆ మొక్క పూయదు. మంచి కిటికీ లేని ఇంట్లో తెల్లటి ఎల్ఈడీ ట్యూబుని మొక్కకి అడుగు ఎత్తున పెట్టి రోజుకి పన్నెండు గంటలు వెలిగించినా పని జరుగుతుంది.

నీళ్ళు

వారానికి ఎన్నిసార్లు అని అడగడం మానేసి, ఇవాళ వేర్లు ఎలా ఉన్నాయి అని చూడటం అలవాటు చేసుకోండి. ఎండిన వేరు వెండి రంగులో ఉంటుంది, తడిసిన వేరు పచ్చగా ఉంటుంది. కుండీ గోడకి ఆనుకున్న వేర్లన్నీ వెండి రంగుకి తిరిగాక పొయ్యాలి. పచ్చగా ఉంటే ఆగాలి. మట్టికుండీ అయి వేర్లు కనిపించకపోతే, వెలిగించి ఆరిపోయిన అగరుబత్తి పుల్లని మధ్యలోకి గుచ్చి పది నిమిషాలాగి తియ్యండి. పుల్ల చల్లగా, తడిగా వస్తే నీళ్ళు అక్కర్లేదు. కొన్నాళ్ళు పోయాక కుండీని చేత్తో ఎత్తి బరువుతోనే చెప్పగలుగుతారు.

అయినా ఒక అంచనా కోసం చెబుతాను. బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కల్లో ఉన్న ఫెలనాప్సిస్‌కి హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు రోజులకోసారి పడుతుంది. ముసురు పట్టిన వానాకాలంలో ఆరేడు రోజులు ఆగుతుంది, చలికాలంలో వారం. స్ఫాగ్నమ్ నాచులో ఉన్నదైతే ఇంకా ఎక్కువ రోజులు తడి పట్టి ఉంచుతుంది.

పోసేటప్పుడు రెండు చెంచాలు చిలకరించి ఊరుకోకండి. కుండీని సింకులో పెట్టి అడుగు నుంచి ధారగా కారేదాకా పొయ్యండి, లేదా బకెట్ నీళ్ళలో పది పదిహేను నిమిషాలు ఉంచి తియ్యండి. తర్వాత పూర్తిగా ఓడనిచ్చాకే దాని చోట పెట్టండి. అడుగు పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు. ఎప్పుడూ పొద్దున్నే పొయ్యాలి, రాత్రికి ఆకుల మధ్య తడి ఉండకూడదు. ఫెలనాప్సిస్ నడి మొవ్వులో నీళ్ళు నిలిస్తే మొవ్వు కుళ్ళుతుంది. ఆ మొక్కకి పెరిగే చోటు అదొక్కటే, అది పోతే మొక్క ఇక కోలుకోవడం చాలా కష్టం. నీళ్ళు పడితే టిష్యూ మూలని అక్కడ ఆనించి పీల్చేయండి.

ఏ నీళ్ళు పోస్తున్నామన్నది ఇంకా పెద్ద సంగతి. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఆకుల మీద తెల్లటి మరకలు, వేర్ల కొనలు నల్లబడటం, ఆకు చివర్లు మాడటం వీటి పనే. వాన నీళ్ళకి మించినవి లేవు. వానాకాలంలో డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోండి. లేదంటే ఆర్వో నుంచి వచ్చే మంచినీళ్ళు వాడండి. ఆర్వో యంత్రం బయటకి వదిలేసే నీళ్ళలో ఉప్పులు ఇంకా చిక్కబడి ఉంటాయి, ఇవి ఆర్కిడ్‌కి విషమే. సాఫ్ట్‌నర్ నీళ్ళలో సోడియం ఉంటుంది, అవీ వద్దు. కుళాయి నీళ్ళు టీడీఎస్ మీటరులో (నీళ్ళలో కరిగిన ఉప్పులని కొలిచేది) 200 లోపు చూపిస్తే నిశ్చింతగా పొయ్యొచ్చు.

గాలి, తేమ

కోస్తా వాళ్ళకి తేమ కొదవలేదు, వాళ్ళు గాలి ఆడేలా చూసుకుంటే చాలు. ఫ్యాను గాలి నేరుగా కాకుండా కాస్త దూరం నుంచి తగలాలి. తెలంగాణ, రాయలసీమ వేసవిలో పొడి గాలి బాధ ఉంటుంది. వెడల్పాటి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి, కుండీని ఆ రాళ్ళ మీద ఉంచండి. నాలుగైదు మొక్కలు దగ్గరగా పెట్టినా తేమ నిలుస్తుంది. కూలరున్న గది వేసవిలో ఆర్కిడ్‌కి హాయిగా ఉంటుంది, దాని ఎదురుగా మాత్రం పెట్టకండి. రోజూ ఆకుల మీద స్ప్రే చేయడాన్ని చాలామంది నీళ్ళు పోసినట్టే లెక్కేస్తారు. దానితో వేరు దాహం తీరదు, ఆకుల మీద మచ్చ తెగుళ్ళు మాత్రం వస్తాయి.

కుండీ మార్చడం

రెండేళ్ళకోసారి, లేదా లోపలి ముక్కలు పిండిగా చివికిపోయినప్పుడు మార్చాలి. చివికినవి నీళ్ళు పట్టి ఉంచి వేరుని ఊపిరాడనివ్వవు. మన వాతావరణానికి జూన్, జూలై మంచి సమయం. ఫెలనాప్సిస్ పూలు అయిపోయి ఉంటాయి, గాలిలో తేమ పెరుగుతుంది, కొత్త వేర్లు తొందరగా దిగుతాయి. డెండ్రోబియంని కొత్త పిలక మొదట్లో పచ్చటి వేరు మొనలు కనిపించగానే మార్చండి. మే ఎండల్లో ఏ ఆర్కిడ్‌నీ కదిలించకండి.

మిశ్రమానికి కావలసినవన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. ఇస్త్రీ బండి వాళ్ళు వాడే కట్టెబొగ్గు తెచ్చి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టి, నల్లనీళ్ళు పోయేదాకా కడగండి. రాక్షసి బొగ్గు పనికిరాదు. కొబ్బరి డొక్కని అదే కొలతలో ముక్కలు కోసి, మూడు రోజులు నీళ్ళలో నానబెట్టి రోజూ ఆ నీళ్ళు పారబోయండి. డొక్కలో ఉండే ఉప్పు, ఎర్రటి చేదు అంతా దిగిపోవాలి. పగిలిన పెంకు ముక్కలు అడుగున వెయ్యడానికి. పొడి గాలి ఊళ్ళలో సగం డొక్క, సగం బొగ్గు వెయ్యండి. సముద్రపు గాలి ఊళ్ళలో డొక్క తగ్గించి బొగ్గూ పెంకులూ పెంచండి. పైన్ బెరడు ముక్కలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తెప్పించుకోగలిగితే అవీ బాగుంటాయి. కుండీ పారదర్శకమైనదైతే వేర్లు కనిపిస్తాయి, పక్కల్లో కూడా రంధ్రాలు ఉండాలి. లేకపోతే కాల్చిన ఇనుప చువ్వతో పెట్టుకోండి.

ఇక పని:

1. ముందురోజు నీళ్ళు పోసి ఉంచితే వేర్లు మెత్తబడి విరగవు. కుండీని పక్కల నొక్కుతూ మొక్కని బయటకి తీసి, పాత మిశ్రమాన్ని విదిలించండి. నర్సరీలో వేర్ల మధ్య ఇరికించిన నాచు ముద్ద ఉంటే వెతికి తియ్యండి, పైకి ఆరినట్టున్నా నడుమ తడి పట్టి ఉంచేది అదే.

2. కత్తెరని మంట మీద కాల్చి చల్లార్చండి. ఆర్కిడ్ల వైరస్‌లు రసం ద్వారా మొక్క నుంచి మొక్కకి పాకుతాయి, మందు లేదు. అందుకే ఒక్కో మొక్కకీ విడిగా కాల్చాలి.

3. మెత్తగా, బోలుగా ఉన్న వేర్లు కత్తిరించండి. గట్టిగా ఉన్నది రంగు మారినా ఉంచండి. కోసిన చోట్ల గాయం ఆరేలా ఒక పూట గాలికి వదిలేయండి. దాల్చినచెక్క పొడి అద్దమని చెబుతారు. ఆకు, కాండం గాయాలకి పర్వాలేదు గానీ వేర్లకి వద్దు, వాటిని ఎండగొట్టేస్తుంది.

4. వేర్లు పట్టేంత కుండీ చాలు. మొక్క పెద్దగా ఉంది కదా అని పెద్ద కుండీ వేస్తే నడుమ తడి ఆరదు. వేర్ల మధ్యకి ముక్కలు జారేలా కుండీని తడుతూ నింపండి. మొవ్వు మొదలు మిశ్రమం పైనే ఉండాలి, పూడకూడదు.

5. మొక్క ఊగితే పుల్ల గుచ్చి కట్టండి. ఊగే మొక్కకి కొత్త వేరు మొన రాసుకుని విరిగిపోతుంది.

6. నాలుగైదు రోజులు నీడన ఉంచి, తర్వాత మామూలుగా నీళ్ళు మొదలుపెట్టండి.

ఎరువు

కొంచెమే, కానీ క్రమం తప్పకుండా. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండి నీళ్ళలో కరిగే ఎరువు, 19:19:19 గానీ 20:20:20 గానీ, లీటరుకి అర గ్రాము చాలు. పెరిగే కాలంలో వారానికోసారి, ముందు మామూలు నీళ్ళతో వేర్లు తడిపాక పొయ్యండి. నెలకోసారి ఉత్త నీళ్ళు ధారగా పోసి పేరుకున్న ఉప్పులని కడిగేయండి. ఎప్పుడూ ఆర్వో నీళ్ళో వాన నీళ్ళో వాడేవాళ్ళు అప్పుడప్పుడూ విడిగా లీటరుకి అర గ్రాము కాల్షియం నైట్రేట్ ఇస్తే మంచిది. బియ్యం కడిగిన నీళ్ళు, మజ్జిగ, పేడ నీళ్ళు మిగతా మొక్కలకి ఉంచండి. ఈ కుండీలో అవి పులిసి దోమల్ని పిలుస్తాయి.

పూయించడం

ఫెలనాప్సిస్ ఎందుకు పూయట్లేదని అడిగేవాళ్ళకి నా జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: చల్లదనం చాలలేదు. పగలూ రాత్రీ 28 డిగ్రీలు దాటుతుంటే ఆకుల మీద ఆకులు పెడుతుందే తప్ప కాడ తొడగదు. నాలుగైదు వారాలు పగలు 26 లోపు, రాత్రి 16 నుంచి 20 మధ్య ఉంటే ఆకు మొదట్లో కాడ మొలుస్తుంది. హైదరాబాద్‌లో నవంబరు చివరి నుంచి జనవరి దాకా కిటికీ తెరిచి ఉంచిన గదిలో ఈ చల్లదనం దానంతటదే వస్తుంది. చలిగాలుల వారంలో 13 డిగ్రీల కంటే దిగితే మొక్కని గది మధ్యకి జరపండి. మొలిచింది వేరో కాడో మొదట్లో అర్థం కాదు. మొన గుండ్రంగా నున్నగా ఉంటే వేరు, చదునుగా చేతి తొడుగు వేలిలా ఉంటే కాడ. కాడ మొలిచాక పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది, తొందరపడకండి. డెండ్రోబియంకి ఈ చలి లెక్కలేమీ లేవు. వెలుతురు, ఎరువు, ముదిరిన కాండం ఉంటే ఏడాదిలో రెండుసార్లు కూడా పూస్తుంది.

మొగ్గలు పసుపుపచ్చగా మారి రాలిపోతుంటే దగ్గర్లో పండ్లున్నాయేమో చూడండి. మాగే మామిడిపండ్లు, అరటిపండ్లు ఇథిలీన్ వాయువు వదులుతాయి. ఆర్కిడ్ మొగ్గలూ పూలూ దానికి ఇట్టే వాడిపోతాయి. ఫెలనాప్సిస్ పూలు విచ్చి ఉండే రోజులూ మన ఇంట్లో మామిడిపండ్లు మాగేసే రోజులూ కలుస్తాయి కాబట్టి ఆ రెండింటినీ వేరు వేరు గదుల్లో ఉంచండి. ఏసీ గాలి నేరుగా తగలడం, వంటింటి పొగ కూడా మొగ్గలకి చేటే.

పురుగులు, కుళ్ళు

పిండినల్లి, పొలుసు పురుగు ఎక్కువగా వస్తాయి. చీమలు తిరుగుతుంటే అవి ఉన్నట్టే లెక్క. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడవండి, వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు. తర్వాత లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లండి, పూల మీద పడనివ్వకండి. ఆకు మీద నీళ్ళు నిండినట్టు మెత్తటి గోధుమ రంగు మచ్చ పడి, వాసన వస్తే అది బాక్టీరియా కుళ్ళు. ఇది గంటల్లో పాకుతుంది. మచ్చకి రెండు సెంటీమీటర్లు ఇవతల బాగున్న ఆకు దగ్గర కోసేసి, ఆ మొక్కకి కొన్ని రోజులు గాలి బాగా తగిలేలా ఉంచండి.

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మనవాళ్ళకి చలికాలంలో ఉండే ఇబ్బంది వేరు. హీటరు గాలి మొక్కని ఎండగొడుతుంది, చల్లటి కిటికీ అద్దానికి ఆనిన ఆకు మాడుతుంది. రెంటికీ దూరం పాటించండి. ఇండియా వస్తూ పోతూ సూట్‌కేసులో మొక్క పెట్టుకోకండి. ఆర్కిడ్ జాతులన్నీ అడవి మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కిందికి వస్తాయి, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు.

పూలు రాలాక

ఫెలనాప్సిస్ కాడ పచ్చగా ఉండి, మొక్కకి నాలుగైదు గట్టి ఆకులుంటే కింది నుంచి మూడో కణుపు పైన కత్తిరించండి. అక్కడ కొమ్మ వేసి మరికొన్ని పూలు పూయొచ్చు. మొక్క నీరసంగా ఉంటే కాడని మొదలంటా కోసెయ్యడమే దానికి మేలు. డెండ్రోబియం ఆకులు రాలిన పాత కాండాలని ఎండిపోయాయని కోసేస్తుంటారు. అది చెయ్యకండి, వాటిలోనే నీళ్ళూ ఆహారమూ నిల్వ ఉంటాయి, వాటి నుంచీ మళ్ళీ పూలు వస్తాయి. పూర్తిగా ముడుచుకుని గోధుమ రంగుకి తిరిగినవే తియ్యాలి.

కొన్నిసార్లు కాండం పై కణుపు దగ్గరో పూలకాడ మీదో చిన్న పిల్లమొక్క పుడుతుంది. దాన్ని వెంటనే విడదీయకండి. దానికి సొంత వేర్లు రెండు మూడు వచ్చి, ఒక్కోటి ఐదారు సెంటీమీటర్లు సాగేదాకా తల్లి మీదే ఉండనివ్వండి. అప్పుడు కోసి, చిన్న ముక్కలుగా కొట్టిన బొగ్గూ డొక్కా నింపిన చిన్న కుండీలో నాటి, మొదటి నెల నీడన పెట్టి, వేర్లు ఆరీ ఆరకముందే తడుపుతూ ఉండండి. కొత్త ఆకు విచ్చుకోవడం చూశాక పెద్ద మొక్కలతో పాటు వెలుతురులోకి మార్చొచ్చు.